ముసుగు తీయడం వేరు, ఆవిష్కరించడం వేరు

ఇంగ్లీషులో ‘అన్‌వీలింగ్’ అనే మాట పేపర్లలో రోజూ కనిపిస్తుంది. విగ్రహాన్ని అన్‌వీల్ చేశారు, కొత్త కారును అన్‌వీల్ చేశారు, క్రికెట్ టీము జెర్సీని అన్‌వీల్ చేశారు. అర్థం తెలీని వాళ్ళు ఉండరు. అదే మాటను తెలుగులో చెప్పమంటే మాత్రం మన క్లాసులోనే నాలుగు జవాబులు వచ్చాయి: ఆవిష్కరణ, ప్రారంభోత్సవం, విడుదల, అనావరణ. నాలుగోది ఇక్కడి కన్నడ పేపర్లలో మాట. చెప్పిన అమ్మాయి దాన్ని తెలుగనుకునే చెప్పింది. బెంగళూరులో పుట్టి పెరిగిన తెలుగువాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. మా ఇంట్లో అప్పది కన్నడం, అమ్మది తెలుగు. ఏ మాట ఏ వైపు నుంచి వచ్చిందో నేను కూడా వెతుక్కుంటూనే ఉంటాను. ఈ మాటను కూడా అట్లాగే వెతికాను. దొరికినవి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఇంగ్లీషు మాట సంగతి. ‘వీల్’ అంటే ముఖం మీద కప్పుకునే పల్చటి గుడ్డ, మేలిముసుగు. దాని మూలం లాటిన్‌లో ‘వేలుమ్’. ఆ మాటకు తెర అని, గుడ్డ అని, ఓడకు కట్టే చాప అని కూడా అర్థాలున్నాయి. మనం కూడా ఓడ మీది గుడ్డను తెరచాప అంటాం కదా. ఇద్దరికీ ఒకే ఊహ వచ్చిందన్న మాట. ఆ వేలుమ్ ‘రివీల్’ అనే మాటలో కూడా దాక్కుని ఉంది. ‘డిస్కవర్’ మాటను విప్పి చూస్తే అందులోనూ కప్పు తీయడమే ఉంది. అంటే ఇంగ్లీషులో దేన్ని బయటపెట్టినా ఎక్కడో ఒక గుడ్డ కదులుతూ ఉంటుంది.

వాడుక మాత్రం అన్నిటికీ ఒకటే కాదు. విగ్రహం, శిలాఫలకం, గోడకు పెట్టిన నిలువెత్తు పటం, వీటికి అన్‌వీల్ సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే వాటి మీద నిజంగానే గుడ్డ ఉంటుంది. కారు, ఫోను, లోగో, సర్కారు పథకం, వీటికి కూడా వాడతారు. అక్కడ గుడ్డ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. పుస్తకానికి మాత్రం రిలీజ్ గానీ లాంచ్ గానీ అంటారు. భవనానికి ఇనాగురేషన్. పునాదిరాయి వేస్తే అది మన శంకుస్థాపన, దానికి అన్‌వీల్ అనకూడదు. ఇంకో ప్రత్యేకమైన వాడుక ఉంది. యూదుల కుటుంబాల్లో దేన్ని అని చెప్పకుండా ఉత్తినే ‘అన్‌వీలింగ్’ అంటే, చనిపోయినవాళ్ళ సమాధి రాయి మీద గుడ్డ తీసే కార్యం. మామూలుగా చనిపోయిన ఏడాది లోపల గానీ ఏడాది తిరిగే సమయానికి గానీ జరుపుతారు. ఇంటివాళ్ళు, దగ్గరివాళ్ళు నిలబడి ప్రార్థన చేసి గుడ్డ తీస్తారు. కెమెరాలూ రిబ్బన్లూ లేని అన్‌వీలింగ్ అది.

ఇప్పుడు దీన్ని మాటకు మాట తెలుగులో పెడదాం. వీల్ అంటే ముసుగు. అన్‌వీల్ అంటే ముసుగు తీయడం. ‘ముఖ్యమంత్రి ఆ మహానుభావుడి విగ్రహం ముసుగు తీశారు.’ చదివారా? నవ్వొచ్చిందా? తెలుగులో ఒకరి ముసుగు తీయడం అంటే వాళ్ళ బండారం బయటపెట్టడం. ముసుగు దొంగ అంటాం, మంచితనం అనే ముసుగు అంటాం, ముసుగులో గుద్దులాట అంటాం. ఇంగ్లీషుకు వీల్ వేరే, మాస్క్ వేరే. ఒకటి తీస్తే గౌరవం, ఇంకొకటి తీస్తే పరువు పోవడం. మనకు రెండూ ముసుగులోనే ఉన్నాయి. అందుకే మేలిముసుగు అని ముందర ‘మేలి’ చేర్చుకుంటే తప్ప ఆ మాటకు మర్యాద రాదు. కన్నడంలో ముసుకు అంటారు, దాన్ని ఎట్లా వాడతావని అప్పను అడిగితే, ఎవరి గుట్టయినా బయటపడ్డప్పుడే వాడతానన్నాడు.

కాబట్టి తెలుగు ఆ గుడ్డ జోలికే పోలేదు. ‘ఆవిష్కరణ’ అనే సంస్కృతపు మాటను తెచ్చుకుంది. ‘ఆవిః’ అంటే కంటికి ఎదురుగా, బాహాటంగా అని. కరణ అంటే చేయడం. వెలుగులోకి తేవడం, అందరికీ కనపడేట్టు చేయడం అన్నమాట. ఎక్కడా తెర లేదు, గుడ్డ లేదు. సంధిలో విసర్గ పోయి ‘ష’ వచ్చింది. ‘బహిః’ నుంచి బహిష్కరణ వచ్చినట్టే ఇది కూడా. అందుకని మొదటి అక్షరం దీర్ఘం. ఫ్లెక్సీల మీద ‘అవిష్కరణ’ అని పొట్టి అకారంతో రాస్తుంటారు, అది తప్పు. సమాసం చేస్తే పుస్తకావిష్కరణ, విగ్రహావిష్కరణ, పతాకావిష్కరణ అని దీర్ఘం దాని చోట అదే వస్తుంది కాబట్టి అక్కడ తప్పు బయటపడదు, విడిగా రాసినప్పుడే దొరికిపోతారు.

ఈ ముక్కలు విప్పుతుంటే నాకు ఇంకొకటి దొరికింది, నాకైతే అదే అన్నిటికంటే నచ్చింది. ఆవిష్కరణకు, బహిష్కరణకు ఇంకో తోబుట్టువు ఉంది: తిరస్కరణ. ఈ రోజు తిరస్కరించడం అంటే వద్దనడం, కాదనడం. సంస్కృతంలో దానికి కప్పివేయడం, మరుగు చేయడం అనే అర్థం కూడా ఉంది. ‘తిరస్కరిణి’ అంటే తెర. కాళిదాసు నాటకాల్లో అప్సరసలు ఎవరికీ కనపడకుండా తిరిగేది ఆ పేరున్న విద్యతోనే. అంటే ఒక మనిషిని వద్దనడానికీ, ఆ మనిషి మీద గుడ్డ కప్పడానికీ ఒకటే మాట. దానికి ఎదురు మాట ఆవిష్కరణ.

ఇది ఏదో నిఘంటువులో ముచ్చట అనుకోవద్దు. మన ఊళ్ళోనే జరిగింది. హలసూరు చెరువు దగ్గర తిరువళ్ళువర్ విగ్రహం చాలామంది చూసే ఉంటారు. బెంగళూరు తమిళ సంఘం వాళ్ళు 1991లోనే దాన్ని నిలబెట్టారు. ఆవిష్కరణ జరగాల్సి ఉంది. కన్నడ సంఘాల నుంచి వ్యతిరేకత వచ్చింది. అదే ఏడాది కావేరి నీళ్ళ గొడవ కూడా ముదిరింది, చివర్లో ఊళ్ళో అల్లర్లు జరిగాయి. ఆవిష్కరణ ఆగిపోయింది. విగ్రహాన్ని తీసెయ్యలేదు, కప్పి ఉంచారు. ఒకటీ రెండూ కాదు, 18 ఏళ్ళు అట్లాగే ఉంది. ఈ మధ్యలోనే, 2000 జనవరి 1న, కన్యాకుమారిలో అదే కవికి 133 అడుగుల విగ్రహాన్ని ఆవిష్కరించారు. తిరుక్కురళ్‌లో అధికారాలు 133 కాబట్టి 133 అడుగులు. అక్కడ సముద్రం మధ్యలో అంత ఎత్తున నిలబడ్డ మనిషి, ఇక్కడ చెరువు పక్కన గుడ్డ కింద ఉన్నాడు.

మా అవ్వ ఆ రోజుల్లో హలసూరు మార్కెట్టుకు పోయేది. “లోపల ఎవరో నీకు తెలుసా అవ్వా?” అని అడిగాను. “తెలీకేమే, వళ్ళువర్ అని చంటిపిల్లకు కూడా తెలుసు. తెలిసేం లాభం, చూడ్డానికి లేదు” అంది. అన్‌వీలింగ్ గురించి ఇంతకంటే మంచి వివరణ నాకు ఏ డిక్షనరీలోనూ దొరకలేదు. ఏ విగ్రహావిష్కరణలో అయినా లోపల ఎవరున్నారో ముందే అందరికీ తెలుసు, ఆహ్వానపత్రంలో వేసే ఉంటుంది. అయినా గుడ్డ పడగానే చప్పట్లు కొడతాం. కొత్త సంగతి తెలిసినందుకు కాదు ఆ చప్పట్లు. ఇక మీదట ఈ మనిషిని ఈ చోట అందరం చూడొచ్చు, ఇది మన అందరి చోటు అని ఒప్పుకున్నందుకు. ఆ ఒప్పుదల లేకపోతే రాయి చెక్కి నిలబెట్టినా విగ్రహం రానట్టే.

ఒప్పుదల 2009లో కుదిరింది. ఒక చేత్తో ఇచ్చి ఒక చేత్తో పుచ్చుకున్నట్టు జరిగింది. ఆగస్టు 9న తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి బెంగళూరుకొచ్చి వళ్ళువర్ విగ్రహాన్ని ఆవిష్కరించారు. నాలుగు రోజుల తరవాత, 13న, కర్ణాటక ముఖ్యమంత్రి యడియూరప్ప చెన్నై అయనావరంలో కన్నడ కవి సర్వజ్ఞ విగ్రహాన్ని ఆవిష్కరించారు. ఇద్దరూ నీతులు చెప్పిన కవులే. వళ్ళువర్ రెండు పాదాల్లో చెప్పాడు, సర్వజ్ఞ మూడు పాదాల్లో, మన వేమన నాలుగు పాదాల్లో. ముగ్గురినీ పక్కపక్కన పెట్టి చదివితే ఎంత బాగుంటుందో మన తమిళ స్నేహితురాళ్ళని, కన్నడ స్నేహితురాళ్ళని పిలిచి ఒక రోజు చదివి చూడాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

ఇక చుట్టుపక్కల భాషల సంగతి. కన్నడంలో విగ్రహానికి అనావరణ. ఆవరణ అంటే కప్పు, అది లేకుండా చేయడం అనావరణ. ఇంగ్లీషు అన్‌వీల్‌కు అచ్చంగా సరిపోయే మాట. మరాఠీ, హిందీ వాళ్ళు కూడా విగ్రహానికి అదే వాడతారు. పుస్తకానికి కన్నడంలో బిడుగడె, లేకపోతే లోకార్పణె. హిందీలో పుస్తకానికి విమోచన్. తెలుగు చెవికి ఇది వింతగా ఉంటుంది, మనకు విమోచనం అంటే శాపం నుంచో, దొరల పాలన నుంచో బయటపడటం. పుస్తకం ఏ జైల్లో ఉండిందా అనిపిస్తుంది. ఒరియాలో విగ్రహానికీ పుస్తకానికీ ఉన్మోచన అనే అంటారు, ముడి విప్పి వదలడం అని. తమిళంలో విగ్రహానికి తిరప్పు, అంటే మన తెరవడమే. తలుపు తెరిచినట్టు విగ్రహాన్ని తెరుస్తారు. ఇంత తేటగా మనం ఎందుకు అనుకోలేదా అని నాకు కొంచెం అసూయగా ఉంది.

తెలుగు ఆవిష్కరణకు ఒక చిక్కు ఉంది, దాచడం ఎందుకు. దాని మీద మోయలేనంత బరువు వేశాం. విగ్రహం ఆవిష్కరణ, పుస్తకం ఆవిష్కరణ, జెండా ఆవిష్కరణ, వాల్‌పోస్టర్ ఆవిష్కరణ, సినిమా టీజర్ ఆవిష్కరణ. ఇవి చాలవన్నట్టు సైన్సు పాఠంలో కొత్త యంత్రం కనిపెట్టినా ఆవిష్కరణే. కన్నడంలో ఆవిష్కార అంటే ఆ కనిపెట్టడమే. మా అమ్మ ఒకసారి పుస్తకావిష్కరణకు పోతున్నానని చెబితే అప్ప, “పుస్తకాన్ని ఇప్పుడెవరు కనిపెట్టారు?” అని అడిగాడు. సరదాకు అడిగినా ప్రశ్నలో న్యాయం ఉంది. ‘మంత్రి విద్యుత్ బస్సును ఆవిష్కరించారు’ అని పేపర్లో చదివితే, మంత్రి ఇంజనీరు కూడానా అని అనుమానం రావాలి నిజానికి. సైన్సులో కొత్తగా తయారుచేసినదానికి ‘కనిపెట్టడం’ అనే చక్కటి తెలుగు మాట ఉంది. దాన్ని అక్కడ వాడుకుంటే ఆవిష్కరణ బరువు సగం దిగుతుందని నా అభిప్రాయం. మేడమ్‌లు ఏమంటారో తెలుసుకోవాలని ఉంది.

జెండా విషయంలో మాత్రం ఆ మాట సగం రోజులకే సరిగ్గా కుదురుతుంది. ఆగస్టు 15న ఎర్రకోట మీద ప్రధానమంత్రి జెండాను కింద నుంచి పైకి లాగి ఎగరేస్తారు. జనవరి 26న కర్తవ్యపథ్‌లో జెండా అప్పటికే కంబం పైన మడిచి కట్టి ఉంటుంది. రాష్ట్రపతి తాడు లాగితే విచ్చుకుంటుంది. ఇంగ్లీషులో మొదటిది హోయిస్ట్, రెండోది అన్‌ఫర్ల్. కన్నడంలో మొదటిదానికి ధ్వజారోహణ ఉంది. మనం రెండు రోజులూ పతాకావిష్కరణ అనే రాస్తాం. మొదటిది ఎగరవేయడం, రెండోది ఆవిష్కరణ అని వేరుచేస్తే అర్థం కూడా వేరుపడుతుంది. చాలా బడుల్లో రెండు రోజులూ మడత జెండానే కట్టి లోపల పూలరేకులు పెడతారు కాబట్టి, తాడు లాగినప్పుడు తలమీద పూలు పడితే చాలు, పిల్లలకు ఈ తేడా అక్కర్లేదు.

తాడు లాగి విగ్రహం మీది గుడ్డ జార్చే ఈ పద్ధతి ఇంగ్లీషువాళ్ళ పాలనలో మన ఊళ్ళకు బాగా అలవాటైంది. కబ్బన్ పార్కులో విక్టోరియా రాణి విగ్రహాన్ని 1906లో వేల్స్ యువరాజు ఆవిష్కరించాడు. తరవాత అయిదవ జార్జి అయింది ఆయనే. కానీ కప్పి, కాసేపు ఆపి, మంచి ఘడియలో చూపించడం మనకు వాళ్ళు నేర్పింది కాదు. తెలుగు పెళ్ళిలో వధూవరుల మధ్య అడ్డుతెర పట్టుకుంటారు. జీలకర్ర బెల్లం పెట్టిన ముహూర్తానికి దాన్ని దించుతారు. కన్నడం వాళ్ళ పెళ్ళిలో అది అంతరపట. ఈ రోజుల్లో ఆ ఇద్దరూ అప్పటికే వెయ్యి ఫొటోలు దిగి ఉంటారు, ప్రీవెడ్డింగ్ వీడియో బయట స్క్రీను మీద ఆడుతూనే ఉంటుంది. అయినా తెర దించే క్షణంలో మేళం గట్టిగా మోగుతుంది, అందరం మెడలు సాచి చూస్తాం. మళ్ళీ అదే సంగతి: తెలియనిది చూడటం కాదు, ఇప్పుడు చూడొచ్చు అని అందరి ముందూ అనిపించుకోవడం.

గుడిలో నైవేద్యానికి తెర వేస్తారు, తెర తీసి హారతి ఇస్తారు. ముఖ్య అతిథి లేకుండా రోజూ జరిగే ఆవిష్కరణ అది. అయినా దేవుడి విగ్రహానికి మనం ఆ మాట వాడం, గమనించారా? దేవుడికి ప్రతిష్ఠ, మనిషికి ఆవిష్కరణ. ప్రతిష్ఠలో నేత్రోన్మీలనం అని ఒక ఘట్టం ఉంటుంది, విగ్రహానికి కళ్ళు తెరిపించడం. అక్కడ చూసేది విగ్రహం, చూడబడేది మనం. మనిషి విగ్రహానికి అది తలకిందులు.

ఇంక కూచిపూడి భామాకలాపం. సత్యభామ వచ్చేముందు తెర పట్టుకుంటారు. ఆమె ముఖం చూపించదు. తన పొడుగాటి జడను తెర మీద నుంచి ఇవతలకు వేస్తుంది. నాకు సాటి వచ్చేవాళ్ళు ఉంటే రమ్మన్నట్టు సవాలు అది. తరవాతే ఆమె కనపడుతుంది. మిగతా అన్నిచోట్లా గుడ్డ తీసేది ఇంకొకరు, ఎక్కువసార్లు ఒక పెద్దమనిషి. కప్పి ఉన్నవాళ్ళ ఇష్టం ఎవరూ అడగరు. సత్యభామ మాత్రం ఎంత కనపడాలో, ఎప్పుడు కనపడాలో తనే తేలుస్తుంది. వేషం కట్టింది చాలాకాలం మగవాళ్ళే అన్నది వేరే కథ.

చివరగా, ఇంగ్లీషులో కొత్తగా వచ్చిన ఇంకో వాడుక ఉంది: జెండర్ రివీల్. అమెరికాలో కడుపులో ఉన్నది పాపా బాబా అని కేకు కోసో, రంగు పొడి ఎగరేసో చుట్టాలకు చూపించే పండగ. అక్కడున్న మనవాళ్ళు కూడా చేసుకుని వీడియోలు పంపుతున్నారు, మా ఫ్యామిలీ గ్రూపులో కూడా ఒకటి వచ్చింది. ఇక్కడ మాత్రం 1994 చట్టం ప్రకారం పుట్టకముందే పిండం ఆడో మగో చెప్పడం నేరం, స్కానింగ్ సెంటర్ గోడ మీద ఆ బోర్డు ఉండి తీరాలి. ఆడపిల్ల అని తెలిస్తే ఏం చేసేవాళ్ళో తెలుసు కాబట్టే ఆ చట్టం రావలసి వచ్చింది. ఆ వీడియో చూసి అవ్వ, “గులాబీ రంగు పొడి ఎగిరితే కూడా అందరూ ఎగిరి గంతులేస్తున్నారే” అని ఆశ్చర్యపోయింది. తెర తీయకుండా ఉంచడమే కాపాడటం అయ్యే చోటు కూడా ఉందని ఆ బోర్డు చూసినప్పుడల్లా అనుకుంటాను.

ఇప్పుడు మన పని. మన డిపార్ట్‌మెంట్ వ్యాసాల పుస్తకానికి ఆహ్వానపత్రం మూడు భాషల్లో వేయాలి కదా. తెలుగులో ‘పుస్తకావిష్కరణ’, కన్నడంలో ‘పుస్తక బిడుగడె’, ఇంగ్లీషులో ‘బుక్ రిలీజ్’ అని వేద్దాం. ఇంగ్లీషు వరసలో అన్‌వీలింగ్ వద్దు, తెలుగు వరసలో అనావరణ వద్దు. పుస్తకాలను రంగు కాగితంలో చుట్టి రిబ్బను కట్టే పని ఎట్లాగూ మన సెకండియర్ వాళ్ళకే పడుతుంది. దయచేసి సెలోటేపు తక్కువ అతికించండి, స్టేజీ మీద ముఖ్య అతిథి గోళ్ళతో గీక్కోవలసి వస్తుంది.